సూది మార్చండి, లెక్క ఆపకండి

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి, ఆ శాఖ గణాంక విభాగం అధికారులకు,



జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆరో విడతలో మీరు రక్తహీనత పరీక్షను తీసేశారు. 1998-99లో రెండో విడతతో మొదలై 2019-21లో జరిగిన ఐదో విడత దాకా ఒక్కసారి కూడా తప్పకుండా సాగిన పరీక్ష అది. మీ సర్వేవాళ్లు ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ల వేలికొసను సూదితో పొడిచి, చుక్క రక్తం తీసి, హిమోగ్లోబిన్ ఎంతుందో అక్కడికక్కడే చెప్పేవారు. ఎందుకు తీసేశారని అడిగితే మీ దగ్గర జవాబు ఉంది. ఆ జవాబులో నిజం కూడా ఉంది. అయినా ఈ ఉత్తరం రాస్తున్నది, మీరు చెప్పిన కారణానికీ చేసిన పనికీ పొంతన లేదు గనుక.

ముందు మీ వాదన. వేలికొసను పిండితే రక్తంతో పాటు కండలోని నీరు కూడా కలిసి చుక్క పలచబడుతుంది. హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. చేతి నరం నుంచి తీసిన రక్తాన్ని ల్యాబ్‌లో పరీక్షిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఒప్పుకుంటాను. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలకు చెందిన అనురా కుర్పాడ్ లాంటి పోషకాహార శాస్త్రవేత్తలు ఈ మాట ఎప్పటి నుంచో అంటున్నారు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో నరం రక్తం తీసి చూస్తే ఐదేళ్లలోపు పిల్లల్లో 41 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకు కాస్త ముందు, 2015-16లో, వేలి చుక్కతో మీ నాలుగో విడత చెప్పిన అంకె 58.6 శాతం. ఇంత తేడాను ఎవరూ కొట్టిపారేయలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా నరం రక్తమే మేలని చెప్పింది. కాబట్టి సూది మార్చాలన్న మాట దగ్గర మీకూ నాకూ పేచీ లేదు.

పేచీ అంతా ఆ తర్వాత జరిగినదాని గురించి. పద్ధతి మార్చి, అదే సర్వేలో, అవే ఇళ్లలో పరీక్షను కొనసాగించి ఉండాల్సింది. పోనీ, ఒక విడత పాటు పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కనే నడిపినా సరిపోయేది. మీరు రెండూ చేయలేదు. రక్తహీనతను ఈ సర్వే గడప దాటించి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు ‘డాబ్స్’ అనే వేరే సర్వేగా అప్పగించారు. ఆ సంస్థ సామర్థ్యం మీద నాకు అనుమానం లేదు. నా ప్రశ్న మీకు. ఒక సర్వే కొలిచినదాన్ని ఇంకో సర్వే చేతికిస్తే, పాత అంకెకూ కొత్త అంకెకూ మధ్య పోలిక చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? ఐదో విడతలో 57 శాతం ఉన్న స్త్రీల రక్తహీనత రేపు 40 శాతమని వచ్చిందనుకుందాం. అందులో ఐరన్ మాత్రల వల్ల తగ్గింది ఎంత, సూది మారడం వల్ల తగ్గినట్టు కనిపించింది ఎంత? ఎవరు విడదీసి చెప్తారు? తూకం రాళ్లు మార్చిన కొట్టువాడు తక్కెడలో పాత రాయికి ఎదురుగా కొత్త రాయిని పెట్టి చూపిస్తాడు. అది చూశాకే ఊరు మళ్లీ ఆ కొట్టు గుమ్మం ఎక్కుతుంది. మీరు చూపించిందేమిటి?

ఇది మీకు తెలియని విద్య అనడానికి వీల్లేదు. 2007లో మీ శాఖే దీన్ని చక్కగా చేసి చూపించింది. అందులో మా గుంటూరు జిల్లాకు భాగం ఉంది కాబట్టి గుర్తుచేస్తాను.

అప్పటిదాకా దేశంలో హెచ్‌ఐవీ సోకినవారు 50 లక్షల పైచిలుకు అని లెక్క. ఆస్పత్రులకు పరీక్షల కోసం వచ్చే గర్భిణుల రక్తం, సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చేవారి రక్తం చూసి, అక్కడి నుంచి మొత్తం జనాభాకు అంచనా కట్టేవారు. 2004-05లో లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఆస్పత్రులను వదిలి నేరుగా ఇళ్లకు వెళ్లింది. ఊళ్లలో, పట్నాల్లో మామూలు జనం నుంచి రక్తం సేకరించింది. పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 1.7 శాతం దగ్గర తేలింది. ప్రభుత్వ పద్ధతిలో అదే జిల్లాకు లెక్క కడితే రెట్టింపు దాటుతోంది. ప్రభుత్వాస్పత్రికి ఎవరొస్తారు, ఎవరు రారు అన్నది చూడకుండా జిల్లా మొత్తానికి అంచనా వేస్తే ఇలాగే అవుతుంది మరి. ఆ తర్వాత 2005-06లో మీ మూడో విడత కుటుంబ ఆరోగ్య సర్వే దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా రక్తం పరీక్షించి ఇదే సంగతిని బలపరిచింది. 2007 జులైలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ తన అంచనాను దాదాపు 25 లక్షలకు దించింది.

ఆ రోజు కొత్త అంకె ఒక్కటే ప్రకటించి ఊరుకోలేదు. కొత్త పద్ధతిలో 2002 నుంచీ ఏడాదేడాదికీ లెక్క తిరగగట్టి, ఆ వరుస మొత్తాన్ని జనం ముందు పెట్టారు. సగానికి సగం తగ్గింది అంచనాయేనని, వ్యాధి అంతలా తగ్గిపోలేదని తేటతెల్లంగా చెప్పారు. ఎయిడ్స్ కార్యక్రమం గొప్పతనంగా ఆ తగ్గుదలను ఎవరూ ఖాతాలో వేసుకోకుండా ఆ వరుస అడ్డుపడింది. పద్ధతి మార్చడమంటే అదీ. పదహారేళ్ల తర్వాత రక్తహీనత దగ్గరకు వచ్చేసరికి ఆ మర్యాద ఏమైంది? ఎయిడ్స్ మీద విదేశీ నిధులు, అంతర్జాతీయ సంస్థల కన్ను ఉన్నాయి కాబట్టి అప్పుడు జవాబు చెప్పక తప్పలేదా? కుండెడు నీళ్లు మోసుకొచ్చి ఆయాసంతో గుమ్మంలో కూలబడే ఆడమనిషి తరఫున అడిగేవారు లేరు కాబట్టి ఇప్పుడు అక్కర్లేదా?

అసలు ఆ మనిషికి మనం ఎప్పటి నుంచి మాట ఇస్తున్నామో చూడండి. గర్భిణులకు, తల్లులకు, పిల్లలకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలిచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. ఆ ఎర్ర మాత్రలో ఇనుము పక్కన ఉండే ఫోలిక్ యాసిడ్‌కు మన దేశంతో చిత్రమైన చుట్టరికం ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు ఎందుకు పాలిపోయి చనిపోతున్నారో పరిశోధించింది. ఎవరెవరు ఏం తింటున్నారు, ఏ వర్గంలో ఈ జబ్బు ఎక్కువ అని ఆరా తీసింది. ఈస్టు సారం తినిపిస్తే కోలుకుంటున్నారని కనిపెట్టింది. ఆ సారంలో ఉన్న, అప్పటికి పేరు తెలియని పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్‌గా తేలింది. దాన్ని 1945లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆశా కార్యకర్త చేతిలోని మాత్ర వెనకాల బొంబాయి మిల్లు కార్మికురాళ్ల రక్తముంది, ఒక తెలుగువాడి మేధ ఉంది. ఆ మాత్ర పనిచేస్తోందో లేదో చెప్పే పరీక్షను మాత్రం మీరు సర్వేలోంచి తీసేశారు.

2018లో ‘అనీమియా ముక్త్ భారత్’ అన్నారు. ఏడాదికి మూడు శాతం పాయింట్ల చొప్పున రక్తహీనతను తగ్గిస్తామన్నారు. తర్వాత వచ్చిన ఐదో విడత సర్వే ఏం చెప్పింది? 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 53.1 శాతం కాస్తా 57 అయింది. ఐదేళ్లలోపు పిల్లల్లో 58.6 నుంచి 67.1కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అంకె 60 నుంచి 58.8కి తగ్గిందంటే తగ్గింది. తెలంగాణలో 57.6. తెలంగాణ పిల్లల్లో మాత్రం 60.7 నుంచి ఏకంగా 70 శాతానికి ఎక్కింది. అంగన్‌వాడీ కేంద్రాల్లో గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట సంపూర్ణ భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం 2015 నుంచీ నడుస్తున్న రాష్ట్రంలో ఇదీ పరిస్థితి.

ఇక్కడ మీ వేలి చుక్క వాదన ఒక్క క్షణం ఆగాలి. వేలి చుక్క హిమోగ్లోబిన్‌ను తక్కువ చూపిస్తుందనే అనుకుందాం. నాలుగో విడతలోనూ తీసింది వేలి చుక్కే, ఐదో విడతలోనూ వేలి చుక్కే. రెండుసార్లూ ఒకే వైపు తప్పు చూపిన పరికరం వల్ల మొత్తం అంకె ఎక్కువగా కనిపిస్తుంది, సరే. పెరుగుదల ఎందుకు కనిపించింది? ఐదో విడతలో సిబ్బంది శిక్షణ తగ్గిందా? కొవిడ్ కాలంలో తిండి తగ్గిందా? నిజంగానే పిల్లల ఒంట్లో రక్తం తగ్గిందా? ఈ మూడింటిలో ఏది కారణమో తేల్చడం మీ బాధ్యత. పరీక్షను ఎత్తేయడం ఆ ప్రశ్నకు జవాబు అవుతుందా?

అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధానమంత్రి గారు, 2024 కల్లా అన్ని పథకాల్లోనూ ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన బలవర్ధక బియ్యమే ఇస్తామన్నారు. 2024 అక్టోబరులో ఆ పథకాన్ని 2028 డిసెంబరు దాకా పొడిగిస్తూ కేంద్ర మంత్రివర్గం 17,082 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ నిర్ణయానికి కారణంగా ప్రభుత్వం చూపించినదేమిటో మీకు గుర్తుండే ఉంటుంది: ఐదో విడత కుటుంబ ఆరోగ్య సర్వేలోని రక్తహీనత. అంటే, సర్వేలో కొనసాగించడానికి పనికిరాని అంకె వేల కోట్లు ఖర్చుపెట్టడానికి పనికొచ్చింది! ఆ అంకె తప్పయితే ఖర్చుకు ఆధారమేది? ఒప్పయితే కొలవడం ఎందుకు మానేశారు? మా ఊళ్లలో రేషన్ బియ్యంలో ఆ గింజలు తేలిపోతుంటే ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసినవాళ్లున్నారు. వాళ్లకు నచ్చజెప్పడానికి ఆశా కార్యకర్తలు, రేషన్ డీలర్లు నానా తంటాలు పడ్డారు. ఆ బియ్యం తిన్నాక రక్తం పెరిగిందో లేదో ఇంటి మనిషికి చెప్పగలిగితే ఇన్ని మాటలు అక్కర్లేకపోయేవి.

మీ మనసులో ఏముందో నాకు తెలియదు, తెలుసని చెప్పను. జరిగినవాటిని వరసగా పెడితే ఏం కనిపిస్తుందో చెప్తాను. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన నుంచి బయటపడిందని ప్రకటించారు. ఆ కాలంలోనే జరిగిన ఐదో విడత సర్వేలో 19 శాతం ఇళ్లవాళ్లు మరుగుదొడ్డి వాడడం లేదని తేలింది. రక్తహీనత పెరిగిందని తేలింది. 2023 జులైలో, ఈ సర్వే నిర్వహించే ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ డైరెక్టర్ కె.ఎస్. జేమ్స్‌ను సస్పెండ్ చేశారు. నియామకాల్లో అవకతవకలని కారణం చెప్పారు. కొన్ని నెలలకు సస్పెన్షన్ ఎత్తేశారు, ఆయన రాజీనామాను ఆమోదించారు. ఈ సంఘటనలకు ఒకదానితో ఒకదానికి సంబంధం లేదనే అనుకుందాం. అలాంటప్పుడు ఆ అనుమానం ఎవరికీ రాకుండా చూసుకోవడం మీ పని కాదా? రక్తహీనతను తొలగించాలని ఏ సాంకేతిక కమిటీ, ఏ సమావేశంలో, ఎవరి అభ్యంతరాలు విని నిర్ణయించిందో ఆ మినిట్స్ ఎందుకు మా ముందుకు రాలేదు?

అదే ఏడాది ప్రభుత్వానికి దగ్గరగా ఉండే ఆర్థికవేత్తలు ఇంకో మాట అందుకున్నారు. ఈ సర్వేలు 2011 జనగణనను ఆధారంగా చేసుకుని ఊళ్లనూ వార్డులనూ ఎంచుకుంటున్నాయి, దేశం మారిపోయింది, పల్లెల వాటా ఉన్నదానికంటే ఎక్కువగా పడుతోంది, అందుకే పరిస్థితి అధ్వానంగా కనిపిస్తోంది అని. కావచ్చు. మరి 2021లో జరగాల్సిన జనగణనను 2027 దాకా లాగినదెవరు? పాత లెక్కను పాతదిగా ఉంచినవాళ్లే, అది పాతదని సర్వేను తప్పుపట్టడం ఏ న్యాయం? సర్వే చేయించేదీ మీ శాఖే, జనగణన చేయించేదీ మీ ప్రభుత్వమే.

పోషకాహారం విషయంలో ఇలా జరగడం కొత్త కాదు. 1972లో హైదరాబాద్ పోషకాహార సంస్థ కేంద్రంగా జాతీయ పోషకాహార పర్యవేక్షక విభాగం ఏర్పడింది. ఏ రాష్ట్రంలో పేదవాడి కంచంలో ఎంత పప్పు పడుతోంది, ఎంత నూనె పడుతోంది, పిల్లలు ఎంత ఎదుగుతున్నారు అని నాలుగు దశాబ్దాలు ఊళ్లు తిరిగి తూచి చెప్పింది. 2015లో దాన్ని మూసేశారు. ఈ దేశంలో జనం ఏం తింటున్నారో వరసగా చెప్పే కొలబద్దను పక్కన పెట్టిన ఎనిమిదేళ్లకు, ఒంట్లో రక్తమెంతుందో చెప్పే కొలబద్దను కూడా కదిలించారు. కొత్త సర్వేలు వస్తున్నాయి కదా అంటారు. వస్తాయి. ఏ కొత్త సర్వేకైనా మొదటి ఏడాది గ్రాఫు మీద ఒక్క చుక్క మాత్రమే ఉంటుంది. గీత కనబడాలంటే ఇంకో పదేళ్లు ఆగాలి. పదేళ్లంటే ఒక ఆడపిల్ల పుట్టి, ఐదో తరగతికి వచ్చేంత కాలం.

డాబ్స్ గురించి ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. ఐదో విడత కుటుంబ ఆరోగ్య సర్వే 707 జిల్లాల్లో, ఆరు లక్షల ముప్ఫై ఆరు వేలకు పైగా ఇళ్లలో, ఏడు లక్షల ఇరవై నాలుగు వేల మంది స్త్రీలతో మాట్లాడింది. ఆదిలాబాద్ వేరు, హైదరాబాద్ వేరు అని చెప్పగలిగింది. కొత్త సర్వే నాకు జిల్లా లెక్క ఇస్తుందా? పాడేరు కొండల్లోని మనిషినీ విశాఖ బీచ్ రోడ్డు మనిషినీ కలిపి రాష్ట్ర సగటు ఒక్కటి చేతిలో పెడతారా? రెండోది, పాత సర్వేలో ఒకే స్త్రీ గురించి ఆమె చదువు, కులం, ఇంట్లో ఆస్తి, కాన్పులు, తినే తిండి, ఇంటాయన చేతిలో తిన్న దెబ్బలు, ఆమె హిమోగ్లోబిన్ అన్నీ ఒకే చోట ఉండేవి. పేరూ ఊరూ తీసేసి ఆ రికార్డులను అడిగిన పరిశోధకులకల్లా ఇచ్చేవారు. అందువల్లే గిరిజన స్త్రీలలో రక్తహీనత దాదాపు 65 శాతం ఉందని, మిగతావారికంటే బాగా ఎక్కువని మనకు తెలిసింది. రక్తాన్ని ఒక సర్వేలోనూ జీవితాన్ని ఇంకో సర్వేలోనూ పెడితే ఈ ముడులు ఎక్కడ విప్పాలి?

కొలిస్తే ఏమవుతుందో మా రెండు రాష్ట్రాలకు బాగా తెలుసు. తెలంగాణలో జరిగే ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లేనని ఐదో విడత సర్వే చెప్పింది. దేశ సగటు 21.5. ముహూర్తం చూసి కడుపు కోయించుకునే అలవాటు గురించి, ప్రైవేటు ఆస్పత్రుల బిల్లుల గురించి అందరికీ తెలుసు, కానీ అంకె వచ్చాకే ఆరోగ్య మంత్రులు, కలెక్టర్లు మాట్లాడక తప్పలేదు. గర్భసంచి తీసేసే ఆపరేషన్ల గురించి నాలుగో విడతలో మొదటిసారి నేరుగా అడిగారు. దేశంలో నూటికి ముగ్గురు చెప్తే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది చెప్పారు. ముప్ఫైల్లోనే గర్భసంచి తీయించుకుని కూలికి పోయే ఆడవాళ్లు మా పల్లెల్లో ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్కపెట్టని రోజుల్లో అది డాక్టర్ల మధ్య గుసగుస మాత్రమే. లెక్క వచ్చాక అది విధానాల చర్చలోకొచ్చింది. తెలంగాణ మగవాళ్లలో 43 శాతం మంది మందు తాగుతారని చెప్పింది కూడా ఈ సర్వేనే. (మద్యం మీద ఆదాయం ఎంతొచ్చిందో ఆబ్కారీ శాఖ ఏ నెలకానెల చెప్పగలదు. తాగేవారి లెక్కకు మాత్రం మీ సర్వే ఎప్పుడొస్తుందా అని చూడాలి.)

కొలవకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే మనుషులు, షుగరూ బీపీ లేనివాళ్లు కూడా, కిడ్నీలు పాడై డయాలసిస్‌కు చేరే ఊళ్లు అవి. మీ సర్వే బీపీ చూసింది, షుగర్ చూసింది, రక్తం చూసింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఏ విడతలోనూ చూడలేదు. అందుకే అన్ని విడతల నివేదికలు తిరగేసినా ఉద్దానం ఎక్కడా కనిపించదు. అక్కడ జబ్బు ఉందని మొదట చెప్పింది అక్కడి డాక్టర్లు, విలేకరులు, పాడెలు మోసినవాళ్లు. కారణం ఏమిటో నేటికీ నిర్ధారణగా తేలలేదు. సర్వేలో కొత్త పరీక్షలు చేర్చమని మేం అడగాల్సిన కాలంలో, ఉన్న పరీక్షను తీయవద్దని బతిమాలాల్సి రావడం ఏమిటి?

తీసినది ఇదొక్కటే కూడా కాదు. ఇంట్లో వైకల్యం ఉన్నవారెవరైనా ఉన్నారా అని ఐదో విడతలో అడిగిన ప్రశ్నను ఆరో విడతలో వదిలేశారు. వికలాంగుల సంఘాలు మొత్తుకున్నా వినలేదు. ఒక సర్వేకూ తర్వాతి సర్వేకూ మధ్య వైకల్యం మాయమవుతుందా?

ఇంకో చిన్న విషయం, మీ ఫైళ్లలో బహుశా ఎక్కడా రాసి ఉండదు. వేలి చుక్క పరీక్షలో ఫలితం నిమిషంలో వచ్చేది. సర్వేకు వచ్చిన అమ్మాయి ఆ అంకెను ఇంటావిడకు చెప్పేది. మరీ తక్కువుంటే ఆస్పత్రికి వెళ్లమని చీటీ రాసిచ్చేది. ఏడు లక్షల మందిలో ఎంతమందికి ఆ రోజే జీవితంలో మొదటిసారి తమ ఒంట్లో రక్తం ఎంతుందో తెలిసి ఉంటుంది! ప్రభుత్వం వారి నుంచి ఒక చుక్క తీసుకుని, బదులుగా ఒక కబురు చెప్పింది. పరిశోధన పేరుతో జనం దగ్గరకు వెళ్లేవారు పాటించాల్సిన కనీస న్యాయం అది. నరం నుంచి తీసిన రక్తం ల్యాబ్‌కు పోయి, ఫలితం ఏ నెలకో వస్తే, దాన్ని ఆ ఇంటికి చేర్చే ఏర్పాటు ఉందా? లేకపోతే అక్కడ చేయి చాపిన మనిషికి దక్కేదేమిటి, మోచేతి మీద దూది ముక్క తప్ప?

ఒక మాట మీ తరఫున కూడా చెప్పాలి. ఇంటింటికీ వెళ్లి సూది గుచ్చి నరం రక్తం తీయడం తేలిక కాదు. చల్లగా ఉంచి రవాణా చేయాలి, జిల్లాకో ల్యాబ్ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. పైగా ప్రపంచమంతటా ఇలాంటి సర్వేలకు ఊతమిచ్చిన డీహెచ్‌ఎస్ కార్యక్రమానికి అమెరికా ప్రభుత్వం 2025లో నిధులు ఆపేసింది. ఇవన్నీ నిజమే. అందుకే నేను అడిగేది పెద్దదేమీ కాదు. తర్వాతి విడతలో ప్రతి జిల్లాలో కొన్ని ఇళ్లనైనా ఎంచుకోండి. ఒకే మనిషికి వేలి చుక్కా నరం రక్తమూ రెండూ పరీక్షించండి. రెండింటి మధ్య తేడా ఎంతో తేలితే, దాన్ని వెనక్కి వర్తింపజేసి 1998-99 నుంచి ఉన్న వరుసను సరిచేసి ప్రచురించండి. అంకె తగ్గితే తగ్గనివ్వండి. పాతికేళ్లుగా దేశంలో రక్తహీనతను ఎక్కువ చేసి చెప్పామని తేలినా ఎవరికీ నష్టం లేదు. ఐరన్ మాత్రలకు, బియ్యానికి పెట్టే డబ్బును అవసరమున్న చోటికి మళ్లించవచ్చు.

డాబ్స్ విడి రికార్డులను కుటుంబ ఆరోగ్య సర్వే రికార్డుల మాదిరే, పేర్లు తీసేసి, అడిగినవారికి ఇవ్వండి. వైకల్యం ప్రశ్నను వెనక్కి తెండి. మూడో విడతకూ నాలుగో విడతకూ మధ్య పదేళ్లు పోయాయి. అలాంటి ఖాళీ మళ్లీ రాకుండా తర్వాతి విడత ఎప్పుడో తేదీ ప్రకటించండి. రక్తహీనతను తొలగించిన సమావేశాల మినిట్స్‌ను సమాచార హక్కు దరఖాస్తుల కోసం చూడకుండా మీ అంతట మీరే బయటపెట్టండి. ఏడో విడత ప్రశ్నావళి ఖరారు కాకముందే దాని ముసాయిదాను తెలుగుతో సహా అన్ని భాషల్లో జనం ముందు పెట్టి, అభిప్రాయాలకు కనీసం రెండు నెలల గడువివ్వండి. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది వాళ్లే కదా?

ఇట్లు,
ఒక తెలుగు పాఠకురాలు